ప్రాసకు ఇద్దరు కావాలి

ఎండాకాలంలో కోయల విత్తనాల పండుగ విజ్జ పండుం వచ్చిందంటే, శబరి నది ఒడ్డునున్న చింతూరు చుట్టుపక్కల రోడ్ల మీద బండ్లు ఊరూరా ఆగాల్సిందే. కోయ మహిళలు దారికి అడ్డంగా వెదురు బొంగో తాడో పట్టుకుని నిలబడి, ఆడుతూ పాడుతూ పండుగ చందా అడుగుతారు. మగవాళ్లు అప్పటికే విల్లంబులు పట్టుకుని వేటకు అడవిలోకి వెళ్లి ఉంటారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి పేడనీళ్ల స్వాగతం తప్పదు. విత్తనాలను వేల్పు ముందు పెట్టి మొక్కి పంచుకున్నాకే తొలకరి సాగుకు దిగుతారు. రాత్రికి రేల ఆట మొదలవుతుంది. ఆడవాళ్లు చేయీ చేయీ పట్టుకుని వరసలు కడతారు. ఒక వరస పాదం ఎత్తుకుంటుంది, రెండో వరస దాన్ని అందుకుంటుంది. పాదానికీ పాదానికీ మధ్య 'రేల రేల' అనే వంతపాట తిరిగి తిరిగి వస్తుంది.

ఆ పాటల్లో కొన్ని భూమికి మొక్కేవి, కొన్ని వేటగాళ్లను ఆటపట్టించేవి, కొన్ని వలపు పాటలు. అడుగు మాత్రం మారదు. వంతపాట కూడా మారదు. దూరం నుంచి వింటున్న మనిషికి మాటలు అందకపోతే ఏది మొక్కో ఏది వలపో చెప్పడం కష్టం. ఇక్కడే ఒక పాత ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది. ప్రేమ గీతాన్ని గణాలుగా, యతిప్రాసలుగా విడదీసి చూస్తే అది మనిషి కోసం పాడినదో దేవుడి కోసం పాడినదో తెలుస్తుందా? తెలియదు అంటే, దాని నుంచి భక్తి గురించి మనం ఏం నేర్చుకోవాలి?

తెలుగులో ఈ ప్రశ్నకు పెద్ద సాక్ష్యం తిరుమల రాగిరేకుల్లో ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రేకుల మీద చెక్కించినప్పుడు రెండు తరగతులు చేశారు: అధ్యాత్మం, శృంగారం. దొరికిన పాటల్లో శృంగారానివే ఎక్కువ. 1424లో మొదలై 1503లో ఆయన పోయేదాకా సాగిన రచన అది. ఆ రెండు తరగతుల పాటలనూ పక్కపక్కన పెట్టి నిర్మాణం చూడండి. వైరాగ్యం చెప్పే పాటకూ పల్లవి, సాధారణంగా మూడు చరణాలు, యతి, రెండో అక్షరం ప్రాస, చివర వేంకటేశ్వర ముద్ర. అలమేలుమంగ అలక చెప్పే పాటకూ అవే. రేకు మీద రాగం పేరు ఉంటుంది, ఆ రాగాలు కూడా రెండు వైపులా తిరుగుతూనే ఉంటాయి. విభజన అంతా అర్థాన్ని బట్టి జరిగింది. లయ ఆ గీతను ఎప్పుడూ గుర్తించలేదు.

ఆ ఇంట్లో లక్షణం తెలియనివాళ్లు లేరు. అన్నమయ్య సంస్కృతంలో ఒక లక్షణ గ్రంథం రాశాడని, అది పోయిందని చెబుతారు. మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగులో రాసిన 'సంకీర్తన లక్షణం' నేటికీ ఉంది. ఒక కుటుంబం మూడు తరాలు దేవుడికి ప్రేమ పాటలు రాస్తూ, అదే చేత్తో ఆ పాటల కొలతలు కూడా రాసి పెట్టింది. కొలిస్తే భక్తి ఆవిరైపోతుందని వాళ్లకు అనిపించలేదు. జాజర, గొబ్బి, లాలి, సువ్వి వంటి ఆడవాళ్ల పాటల బాణీలను కూడా అన్నమయ్య అలాగే తీసుకున్నాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం నోట ఉన్నవాటిని జాబితా వేశాడు. గుడిలోకి వెళ్లిన లయలు చాలావరకు రోటి దగ్గరా వాకిట్లోనూ పుట్టినవే.

అర్థాన్ని పట్టుకుని ప్రేమ కవిత్వాన్ని తూచితే ఏమవుతుందో కూడా తెలుగు నేల చూసింది. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, కొద్ది కాలానికే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. ముద్దుపళని వాడిన గణాలు, యతులు మగ కవుల ప్రబంధాల్లో ఉన్నవే, వాటిని ఎవరూ నిషేధించలేదు. ఒక స్త్రీ రాధ కోరికను తన గొంతుతో చెప్పడమే తప్పయింది. ఆ తీర్పు ఇచ్చినవాళ్లు పద్యాన్ని విన్నట్టు కనబడదు, మాటలు మాత్రం చదివారు.

మాటలా, లయా అన్న ఈ విషయాన్ని చేతికి తగిలేలా చూడాలంటే ఒక ద్విపద కావాలి. కిందిది ఏ కావ్యంలోదీ కాదు, ఈ వ్యాసం కోసమే కట్టినది.

శబరి యొడ్డున నిల్చి సందెలో పిలువ
కబురు మోసిన గాలి గట్టు చేరినది

ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొదటి పాదాన్ని విరిస్తే 'శబరియొ' నగం, 'డ్డున నిల్చి' సలం, 'సందెలో' ర గణం, చివరి 'పిలువ' న గణం. రెండో పాదంలోనూ సరిగ్గా అవే గణాలు, అదే వరస: 'కబురు మో', 'సిన గాలి', 'గట్టు చే', 'రినది'. మాత్రల లెక్కలో అయిదు, అయిదు, అయిదు, మూడు. మూడో గణం మొదటి అక్షరం యతిస్థానం. మొదటి పాదంలో శకారానికి సకారం, రెండో పాదంలో కకారానికి గకారం మైత్రి కుదిరాయి. రెండో అక్షరం రెండు పాదాల్లోనూ బకారం, దాని ముందు రెండు చోట్లా లఘువే. లెక్క సరిపోయింది.

ఇంతకీ ఒడ్డున నిలబడి పిలిచింది ఎవరు? అవతలి ఊరి కుర్రాడి కోసం వచ్చిన కోయ పిల్ల అనుకోవచ్చు. లేదా రాముడి కోసం ఎదురుచూసే శబరి అనుకోవచ్చు. చింతూరు పక్కనే పారే శబరి నదికి ఆ తపస్విని పేరే వచ్చిందని ఇక్కడి భక్తుల నమ్మకం, గోదావరి ఎగువన భద్రాచలం, పర్ణశాల ఉండనే ఉన్నాయి. రెండు అర్థాల్లో దేన్ని తీసుకున్నా ఒక్క గణం మారదు, ఒక్క మాత్ర పెరగదు. ఛందస్సు ఈ విషయంలో మౌనంగా ఉంటుంది.

అయితే ఆ మౌనంలోనూ అది ఒకటి చెబుతుంది. యతిని చూడండి: అది ఒకే పాదంలో జరిగే పని. పాదం తన మొదటి అక్షరాన్ని మధ్యలో తానే గుర్తు చేసుకుంటుంది. దానికి మరొకరి అవసరం లేదు. ప్రాస అలా కాదు. పై ద్విపదలో మొదటి పాదం ముగిసే సమయానికి 'శబరి'లోని బకారం ప్రాస అని చెప్పే ఆధారం ఏదీ లేదు. అది మామూలు రెండో అక్షరం. 'కబురు' అన్న మాట నోట పడిన క్షణంలో, వెనక్కి తిరిగి, ముందు పాదంలోని బకారం ప్రాస అయింది. అంటే జవాబు వచ్చాకే పిలుపు పిలుపుగా రుజువైంది. ప్రాస విడిచిపెట్టిన ద్విపద కూడా తెలుగులో ఉంది, మంజరీ ద్విపద అంటారు. అది నడుస్తుంది, కథ చెబుతుంది, అందంగానే ఉంటుంది. కానీ వెనక్కి తిరిగి చూసే ఆ ఒక్క క్షణం అందులో ఉండదు.

భక్తి శాస్త్రాల్లో శతాబ్దాలుగా నలిగిన ప్రశ్న ఇదే. జీవుడూ దేవుడూ ఒకటే అయితే ప్రేమించేది ఎవరు, ప్రేమ అందుకునేది ఎవరు? ఇద్దరూ ఎప్పటికీ వేరే అయితే ఆ ఎడబాటుకు అంతమెక్కడ? ఈ వాదంలో మరపురాని ఘట్టం ఒకటి గోదావరి ఒడ్డునే జరిగింది. శబరి నీళ్లు చింతూరు దాటి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి, పాపికొండల మధ్య నుంచి దిగువకు పోతాయి. ఆ దిగువన, 1510 ప్రాంతంలో, గజపతి ప్రతాపరుద్రుడి తరఫున రాజమహేంద్రవరాన్ని పాలిస్తున్న రామానంద రాయలు దక్షిణ యాత్రకు వచ్చిన చైతన్య మహాప్రభువును కలిశాడు. కొవ్వూరులోని గోష్పాద క్షేత్రమే ఆ చోటని భక్తులు నమ్ముతారు. వారి సంభాషణ కృష్ణదాస కవిరాజు బెంగాలీలో రాసిన 'చైతన్య చరితామృతం'లో వివరంగా ఉంది.

మనిషి చేరవలసిన గమ్యం ఏమిటో చెప్పమని చైతన్యుడు అడుగుతాడు. రామానందుడు స్వధర్మాచరణతో మొదలుపెడతాడు. ఇది పైపైది, ఇంకా చెప్పమంటాడు చైతన్యుడు. కర్మఫలం అర్పించడం, శరణాగతి, దాస్యం, సఖ్యం, వాత్సల్యం, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ చివరికి రాధ ప్రేమ దగ్గరకు వస్తారు. ఇంకా ముందుకు పొమ్మంటే రామానందుడు తాను కట్టిన పాట ఒకటి ఎత్తుకుంటాడు. ప్రియుడూ ప్రియురాలూ అనే తేడాయే మిగలని స్థితి ఆ పాట చెప్పే విషయం. అప్పుడు చైతన్యుడు తన చేత్తో ఆయన నోరు మూస్తాడు.

ఎందుకు మూశాడన్నదానికి చైతన్యుడి అనుచరుల గౌడీయ సంప్రదాయంలో వ్యాఖ్యానాలున్నాయి. ఛందస్సు వైపు నుంచి చూసేవారికి ఇంకో కారణం తోస్తుంది. ఇద్దరూ ఒకటైపోయిన చోట రెండో పాదం ఉండదు. రెండో పాదం లేకపోతే ప్రాస లేదు, ప్రాస లేకపోతే పాట ఆగక తప్పదు. ఆ చెయ్యి పాటను దాని హద్దు దగ్గర ఆపింది. ఇంకో విశేషం చూడండి. నోరు మూసిన ఆ కథను కృష్ణదాసు చెప్పింది పయార్ ఛందస్సులో. పాదానికి 14 అక్షరాలు, ఎనిమిదింటి దగ్గర విరుపు, రెండు పాదాలకు ఒక అంత్యప్రాస. ప్రాస అవసరం లేని స్థితిని గురించి చెప్పడానికి కూడా జంట పాదాలే కావాల్సి వచ్చాయి. అద్వైతం నిజమే కావచ్చు, కానీ దాన్ని పాడాలంటే మళ్లీ ఇద్దరు కావాలి. తెలుగు, ఒడియా, బెంగాలీ భక్తి కవులు సిద్ధాంతంలో ఏ పక్షాన నిలిచినా పాటలో ద్వైతం వైపే ఉన్నారని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

ప్రతాపరుద్రుడి పేరు వచ్చింది గనుక ఇంకో మాట. జగన్నాథుడి ముందు జయదేవుడి 'గీతగోవిందం' తప్ప మరో పాట పాడరాదని 1499 నాటి పూరీ గుడి శాసనం ఆయన ఆజ్ఞగా చెబుతుంది. ఆ కావ్యంలో శ్లోకాలు పాత సంస్కృత వృత్తాల్లో ఉంటాయి, కథను అవి నడుపుతాయి. పాటలు మాత్రం మాత్రాఛందస్సులో, అంత్యప్రాసతో, పల్లవి తిరిగి వచ్చేలా ఉంటాయి. సంస్కృతంలో అంతకు ముందు ఇది అరుదు. రాధ వేదన శ్లోకంలో చెప్పరానిది కాదు, కానీ జయదేవుడు దాన్ని జనం పాటల కొలతలోకి తెచ్చాడు. రోజూ సేవలో గుడి అడిగింది ఆ కొలతనే.

మళ్లీ చింతూరుకు వస్తే, రేల పాటలో మన ప్రాస నియమాలు వెతకడం న్యాయం కాదు. కోయ ద్రావిడ భాషే, తెలుగు కంటే గోండికి దగ్గర. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది దాన్ని తమ మాతృభాషగా చెప్పారు. దీర్ఘం, హ్రస్వం ఆ భాషలోనూ ఉన్నాయి గనుక గురులఘువులు గుర్తించవచ్చు, కానీ పాటను నిలబెట్టేది అవి కాదు. నిలబెట్టేవి అడుగు, వరస, వంతపాట. అడుగు పడేదాకా అచ్చు సాగుతుంది, పాదంలో అక్షరాలు తక్కువైతే 'రేల' ఆ ఖాళీ నింపుతుంది. అందులో అర్థం వెతకనక్కర్లేదు. కాలాన్ని పట్టి ఉంచడమే దాని పని.

అర్థం లేని అక్షరాలకు పూజలో చోటేమిటని ఎవరైనా అడిగితే సామవేదం జవాబు చెబుతుంది. ఋక్కును సామంగా గానం చేసేటప్పుడు హా, హో, హాయి వంటి అక్షరాలు మధ్యమధ్య చేరతాయి, వాటిని స్తోభాలంటారు. మంత్రాలకే అర్థం లేదని కౌత్సుడు వాదించాడని యాస్కుడి 'నిరుక్తం' చెబుతుంది. యాస్కుడు ఆ వాదాన్ని ఖండించాడు, కానీ దాచలేదు. ఆధునిక కాలంలో డచ్చి పండితుడు ఫ్రిట్స్ స్టాల్ 1975లో కేరళలోని పాంజాళ్‌లో అగ్నిచయనాన్ని చిత్రీకరించి, కర్మకాండలో నియమమే ప్రధానం, అర్థం తర్వాత వచ్చి చేరినదని వాదించాడు. ఆయన వాదం పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. విత్తనాలకు మొక్కే కోయ స్త్రీకి తాను దేనికి మొక్కుతోందో స్పష్టంగా తెలుసు. అయినా ఒక్క మాట నిలుస్తుంది: పాటలో మాట ఆగినా లయ ఆగని చోటు ఒకటుంటుంది, వలపు పాటా మొక్కు పాటా కలిసేది అక్కడే.

కోయ సమాజంలో వేల్పుకూ వలపుకూ ఉన్న బంధం పాటతో ఆగదు. కోయలు గట్లుగా ఉంటారు: మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదు, ఆరు, ఏడో గట్టు. ప్రతి గట్టుకూ తన వేల్పులున్నాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పెళ్లి బయటి గట్టుతోనే. అంటే ఎవరిని ప్రేమించవచ్చో చెప్పే హద్దు, ఎవరు ఏ వేల్పుకు మొక్కుతారో చెప్పే హద్దు ఒకటే. ఒక యువకుడు ఒకమ్మాయి వైపు చూసే చూపులోనే ఆమె వేల్పులు తన వేల్పులు కావన్న ఎరుక ఉంటుంది. ఆ తేడా ఉంటేనే వరస కలుస్తుంది. ప్రాసలోనూ అంతే గదా. 'శబరి'కి 'శబరి'తోనే ప్రాస కడితే పునరుక్తి అంటారు. మాట వేరై రెండో అక్షరం కలవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇదంతా చూసి రేల పాటలోని వలపును మధురభక్తి అని పేరు పెట్టి గుడి మెట్లెక్కించే ఉత్సాహం కొందరికి కలుగుతుంది. అది వద్దు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాల ముద్ర ఉంది గనుక అక్కడ నాయికను జీవాత్మగా చదవడానికి కవే తలుపు తీసి పెట్టాడు. కోయ పిల్ల తన పాటలో ఏ ముద్రా వేయలేదు. ఆమె పిలిచింది ఒక మనిషినే అయితే, ఆ పిలుపు అలాగే పూర్తి గౌరవానికి తగినది. ముద్దుపళనిని అర్థం పేరుతో తొక్కేసిన చేతులు, ఈమెను అర్థం పేరుతో పైకెత్తితే మాత్రం మేలు చేసినట్టా? లయ ఒకటే కావడం వల్ల రెండు ప్రేమలకూ సమానమైన విలువ ఉందని తేలుతుంది. ఒకటి రెండోదానికి ముసుగు అని తేలదు.

జనం పాటల లయ ఆధునిక కాలంలోనూ కొత్త చోట్లకు ప్రయాణించింది. గురజాడ 1910లో 'ముత్యాల సరాలు' రాసినప్పుడు మూడు, నాలుగు మాత్రల నడకను తీసుకుని ప్రాస నియమాన్ని పక్కన పెట్టాడు. 1925లో నండూరి సుబ్బారావు 'యెంకి పాటలు' పల్లెజంట ప్రేమకు పల్లె బాణీనే కట్టాయి. తర్వాత రేల కూడా అడవి దాటి ఉద్యమ వేదికల మీదికి, ఆపైన టీవీలోకి వచ్చింది. మా టీవీలో వచ్చిన జానపద కార్యక్రమం పేరే 'రేలా రే రేలా'. ఆ ప్రయాణంలో వంతపాట బతికింది, రెండో వరస మాత్రం చాలా చోట్ల పోయింది. వేదిక మీద ఒక గొంతు పాడుతుంది, ఎదురుగా ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. పిలుపుకు జవాబు చెప్పే బాధ్యత ఎవరి మీదా ఉండదు.

అచ్చు పుస్తకాల్లోనూ అదే నష్టం. జానపద గీతాల సంపుటాల్లో పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ వేయరు, రెండు నిలువు గీతల మధ్య మొదటి మాట పెట్టి వదిలేస్తారు. కాగితం పొదుపు అవుతుంది. కానీ అడిగిందే మళ్లీ అడగడం, జవాబు వచ్చినా రాకున్నా అదే చోటికి తిరిగి రావడం, మొక్కుకైనా వలపుకైనా ప్రాణం అందులోనే ఉంది. కోయ పాటను రాసుకునేవారు వంతపాటను ప్రతిసారీ పూర్తిగా రాయాలి. అడుగు ఎక్కడ పడిందో గుర్తు పెట్టాలి. ఏ పాదం మొదటి వరస పాడింది, ఏది రెండో వరస అందుకుంది అన్నది వేరువేరుగా చూపాలి. చింతూరులో తెలుగు చదివే కోయ విద్యార్థి 'యమాతారాజభానసలగం' కంఠస్థం చేసి పరీక్ష రాస్తాడు. అమ్మమ్మ పాడే రేలకు గుర్తులు పెట్టమని అతన్ని అడిగే ప్రశ్నపత్రం కూడా ఉండాలి.

ఈ పని వాయిదా వేసే వీలు లేదు. కోయల చరిత్రను డోలు మీద పాడి, 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య 2024లో చనిపోయారు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లోని చాలా ఊళ్లు పోలవరం ప్రాజెక్టు ముంపు జాబితాలో ఉన్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎదురుతన్ని చింతూరును ముంచింది. పునరావాసం లెక్కల్లో ఇల్లు, పొలం, చెట్టు, పశువుల కొట్టం ఉంటాయి. ఏ ఊరి ఆడవాళ్లు ఏ ఊరి వరసకు ఎదురు పాడతారో రాసుకునే గడి ఆ కాగితాల్లో లేదు. ఒక ఊరిని ఒక కాలనీకి, దాని జంట ఊరిని మరో కాలనీకి పంపితే మొదటి పాదం పాడేవాళ్లు ఒక చోట, అందుకునేవాళ్లు ఇంకో చోట ఉంటారు. సర్వేకు వెళ్లే అధికారులు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి చట్టం ఏదీ అడ్డు రాదు, ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే జవాబు వెంటనే చెబుతారు.